మొక్క కొంటే పేరూ వచ్చినట్టేనా?

రాజమహేంద్రవరం నుంచి హైవే మీద వేమగిరి దాటితే రోడ్డుకు రెండు వైపులా మొక్కల వరసలు మొదలవుతాయి. కడియపులంక, బుర్రిలంక, జేగురుపాడు, మాధవరాయుడుపాలెం, దుళ్ల... గోదావరి తెచ్చిన ఒండ్రు, ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే కాలువ నీళ్లు, అంటు కట్టడం తెలిసిన చేతులు, ఈ మూడూ కలిసి వేల ఎకరాల నర్సరీగా మార్చిన కడియం నేల ఇది. పల్ల వెంకన్నలాంటి నర్సరీ రైతుల వల్ల కడియం మొక్కకు దేశమంతా పేరొచ్చింది. ఇక్కడ లోడెత్తిన లారీలు ఎన్నో రాష్ట్రాలకు వెళ్తాయి. వచ్చే లోడులూ ఉన్నాయి. పుణె, బెంగళూరు, కోల్‌కతాల నుంచి, థాయ్‌లాండ్ నుంచి కొత్త రకాలు దిగుతుంటాయి. దిగినవాటిలో కొన్నింటికి పేరుంటుంది. కొన్నింటికి ‘హైబ్రిడ్’ అన్న ఒక్క మాటే ఉంటుంది.

ఒక నర్సరీ రైతు అలాంటి పేరు లేని నారు కొన్నాడనుకుందాం. గులాబీయో, కాగితం పూల మొక్కో. అన్నీ ఒకే సంకరం నుంచి వచ్చిన గింజ మొక్కలు. పూతకొచ్చేసరికి వాటిలో ఒకటి మిగతావాటిలా లేదు. రంగు వేరు, పూత విడవకుండా వస్తోంది, ఎండకు వాడటం లేదు. రైతు దాన్ని పక్కకు తీసి, కొమ్మలు కోసి పాతి, కళ్లు అంటుకట్టి, రెండేళ్లలో వేల మొక్కలు చేశాడు. కొనేవాళ్లు పేరేమిటని అడిగితే మనవరాలి పేరు చెప్పాడు. లారీలు కదిలాయి.

ఇప్పుడు అసలు ప్రశ్నలు. ఆ పేరు పెట్టే హక్కు అతనికి ఉందా? ఎక్కడో పుప్పొడి తీసుకెళ్లి ఇంకో పువ్వు మీద రాసిన మనిషికి అందులో ఏమీ లేదా? ఢిల్లీకి దరఖాస్తు పెట్టి ఆ రకాన్ని నమోదు చేయించుకోవాలంటే ఎవరు పెట్టాలి? మొక్కకు డబ్బిచ్చినవాడా, సంకరం చేసినవాడా, వందల్లో ఒకదాన్ని గుర్తుపట్టినవాడా? మొక్క ఒక ఆస్తి. దాని పేరు మీద, దాని వంశం మీద ఉండే హక్కు వేరే ఆస్తి. ఈ రెండూ వేరన్న సంగతి చట్టాల దాకా రావడానికి చాలా కాలం పట్టింది, ఆ దారి పొడవునా చాలామంది నష్టపోయారు. మన నర్సరీ రైతులు ఆ వరసలో చేరకూడదన్నది నా పట్టుదల. అందుకే ఈ కథ మొదటినుంచీ చెబుతున్నాను.

ముందు మామిడి సంగతి. మంచి మామిడి తిని టెంక పాతితే అదే పండు వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. మన దేశపు మామిళ్లలో చాలావరకు టెంకలో ఉండేది ఒకే పిండం, అది తల్లి చెట్టుకూ ఏ చెట్టు పుప్పొడికో పుట్టినది. అంటే పెరట్లో మొలిచే ప్రతి టెంక మొక్కా పేరు లేని హైబ్రిడ్డే. వేల మొక్కల్లో ఒకటి బాగా కాస్తుంది. దాన్ని అంటు కడితే మాత్రం ప్రతి అంటూ ఆ చెట్టే. గోదావరి, విశాఖ, కృష్ణా తీరాల తోటల్లో రకాలు పుట్టిన తీరు ఇదే. కొత్తపల్లి కొబ్బరి, సువర్ణరేఖ, పంచదార కలశ, చెరుకు రసం... కొత్తపల్లి అన్న ఊరి పేరు ఆ పండుతో పాటు ఎంతో దూరం వెళ్లింది. ఆ మొదటి చెట్టును గుర్తుపట్టిన మనిషి పేరు మాత్రం ఏ రికార్డులోనూ చేరలేదు. కె.సి.నాయక్, ఎస్.ఆర్.గంగోలీ కలిసి 1950లో దక్షిణ భారత మామిడి రకాల మీద పెద్ద గ్రంథం వెలువరించారు. ఒకే పండుకు ఊరికో పేరు, ఒకే పేరుతో నాలుగు వేర్వేరు పండ్లు ఉన్న గందరగోళాన్ని సర్దడానికి అలాంటి పని తప్పనిసరైంది. రాజావారి తోటలో పుడితే జమీందారు పేరు, ఊరి చివర పుడితే ఊరి పేరు, పండు ఆకారం నచ్చితే కొబ్బరి, కలశం. హక్కు అన్న ఊహే అప్పుడు లేదు. అంటు ఇచ్చినవాడు పుణ్యం కట్టుకున్నట్టు లెక్క.

హక్కు అన్న ఊహ అమెరికాలో ఒక బంగాళాదుంప దగ్గర మొదలైంది.

1872లో మసాచుసెట్స్ రాష్ట్రం, లూనెన్‌బర్గ్ అనే ఊళ్లో లూథర్ బర్బాంక్ అనే 23 ఏళ్ల కుర్రాడు కూరగాయలు పండించుకుంటున్నాడు. ‘ఎర్లీ రోజ్’ అనే దుంప రకం మొక్క మీద అతనికి ఒక గింజల కాయ కనబడింది. దుంపను దుంపతోనే నాటుతారు కాబట్టి గింజల గురించి ఎవరికీ పట్టదు, పైగా ఆ రకం కాయ కాయడమే అరుదు. ఆ కాయలో 23 గింజలున్నాయి. అన్నీ నాటాడు, అన్నీ మొలిచాయి. తవ్వితే ఒక్కో మొక్క కింద ఒక్కో తీరు దుంపలు. వాటిలో ఒకటి మాత్రం పెద్దగా, నున్నగా, నిండుగా దిగుబడి ఇచ్చింది. పేరు లేదు. గింజ మొక్క, అంతే.

దాన్ని అతను విత్తనాల వ్యాపారి జేమ్స్ గ్రెగరీకి చూపించాడు. బర్బాంక్ అడిగినది 500 డాలర్లు, గ్రెగరీ ఇచ్చినది 150. ఆ బేరంతో దుంపలూ, వాటిని పెంచి అమ్ముకునే అవకాశమూ, పేరు పెట్టే అవకాశమూ కలిపి గ్రెగరీ చేతికి వెళ్లిపోయాయి. గ్రెగరీ పెద్దమనిషి. ‘బర్బాంక్స్ సీడ్లింగ్’ అని పుట్టించినవాడి పేరే పెట్టాడు, పది దుంపలు అతనికి ఉంచుకోనిచ్చాడు. ఆ పది దుంపలతో బర్బాంక్ 1875లో కాలిఫోర్నియా చేరాడు. తర్వాత ఆ రకంలోంచి పైతొక్క గరుకుగా ఉండే ‘రస్సెట్ బర్బాంక్’ వచ్చింది, ఇవాళ అమెరికాలో వేపుడు ముక్కలకు వాడే దుంపల్లో దానిది పెద్ద వాటా. బర్బాంక్‌కు దక్కినది ఆ 150 డాలర్లే.

గ్రెగరీ మోసం చేశాడని ఎవరూ అనలేరు. అతను మర్యాదగానే నడుచుకున్నాడు. కానీ ఆ పేరు బర్బాంక్‌ది కావడం అతని దయ, బర్బాంక్ హక్కు కాదు. గ్రెగరీ స్థానంలో ఇంకొకరుంటే ఆ దుంపకు ఏ పేరు పెట్టేవారో, బర్బాంక్ అన్న మనిషి మనకు తెలిసేవాడో లేదో.

బర్బాంక్ ఈ పాఠం మర్చిపోలేదు. 1893లో అతను ‘న్యూ క్రియేషన్స్’ అని ఒక కేటలాగు వేశాడు. అది తోట పెంచుకునేవాళ్ల కోసం వేసినది కాదు, పెద్ద నర్సరీల కోసం. తన దగ్గర ఉన్న ప్లమ్ పండ్లు, వాల్‌నట్లు, బెర్రీలు, లిల్లీలు, వీటిలో చాలా వాటికి పేరు బదులు నంబర్లే. మొక్క విడిగా అమ్మడు. ఆ రకం స్టాకు మొత్తం, దాని మీద పూర్తి అజమాయిషీ కలిపి అమ్ముతాడు. కొన్నవాడు పేరు పెట్టుకోవచ్చు, ప్రచారం చేసుకోవచ్చు. పేరు లేని హైబ్రిడ్ మొక్కనూ, దాని మీద హక్కునూ విడివిడిగా లెక్కగట్టి, కలిపి అమ్మకానికి పెట్టడం ఇంత స్పష్టంగా అచ్చులో కనిపించేది అక్కడే. మిస్సోరీలోని స్టార్క్ బ్రదర్స్ నర్సరీ అతని దగ్గర కొన్నవాళ్లలో ముఖ్యమైనది.

అయినా ఆ ‘అజమాయిషీ’కి చట్టం అండ లేదు. మొదటి మొక్క అమ్మిన రోజే కొన్నవాడు కొమ్మ కోసి అంటు కట్టుకుంటే ఆపే దారి లేదు. అందుకే నర్సరీలు మొక్కను దాచిపెట్టే ప్రయత్నం చేశాయి. 1914లో పాల్ స్టార్క్ వెస్ట్ వర్జీనియాలో ఒక కొండ పొలంలో తనంతట తానే మొలిచిన పసుపురంగు యాపిల్ చెట్టును చూశాడు. చెట్టుకూ, దాని చుట్టూ 900 చదరపు అడుగుల జాగాకూ కలిపి 5,000 డాలర్లు ఇచ్చాడు. ఎవరూ కొమ్మ విరుచుకుపోకుండా చెట్టు చుట్టూ పెద్ద పంజరం కట్టించి, దొంగలొస్తే మోగే గంట పెట్టించాడు. మన బజార్లో ‘గోల్డెన్ డెలీషియస్’ అని అమ్మే యాపిల్‌కు అదే మూలవృక్షం. ఇనప పంజరం తప్ప ఇంకో కాపలా లేని కాలం అది.

ఆ పాల్ స్టార్కే తర్వాత వాషింగ్టన్‌లో చట్టం కోసం పట్టుబట్టాడు. బర్బాంక్ 1926లో చనిపోయాడు. ఎలుకల బోను కనిపెట్టినవాడికి పేటెంటు దొరుకుతుంది, పదిమందికి తిండిపెట్టే కొత్త పండు ఇచ్చినవాడికి తన పేరు దానితో కలిసి ఉంటేనే గొప్ప అన్న అర్థంలో అతను రాసిన ఉత్తరాన్ని చట్టసభ ముందు చదివారు. ఎడిసన్ కూడా బలపరిచాడు. 1930 మే 23న మొక్కల పేటెంటు చట్టం వచ్చింది. మరుసటి ఏడాది మొదటి పేటెంటు ‘న్యూ డాన్’ అనే తీగ గులాబీకి దక్కింది. బర్బాంక్‌కు చనిపోయాక పదహారు పేటెంట్లు వచ్చాయి. కానీ ఆ చట్టం దుంపతో పెరిగే మొక్కలను మినహాయించింది. కథకు మూలమైన బంగాళాదుంపే దాని పరిధిలోకి రాలేదు. 1954లో చట్టాన్ని సవరించి, సాగులో కొత్తగా దొరికిన గింజ మొక్కలను కూడా చేర్చారు. సంకరం చేసినవాడే కాదు, గుర్తుపట్టి అంటు ద్వారా పెంచినవాడూ హక్కుదారు కావచ్చన్న మాట అలా చట్టంలోకి ఎక్కింది.

ఐరోపా కథ గులాబీతో నడిచింది. ఫ్రాన్స్‌లో లియాన్ దగ్గర ఫ్రాన్సిస్ మెయాండ్ అనే గులాబీ రైతు 1935లో చేసిన సంకరంలో ఒక గింజ మొక్క నచ్చింది. దానికి అతను ఇచ్చినది నంబరు మాత్రమే: 3-35-40. యుద్ధం ముంచుకొస్తుండగా 1939లో ఆ మొక్క కళ్లను జర్మనీకి, ఇటలీకి, అమెరికాకు పంపాడు. సరిహద్దులు మూతపడ్డాయి. ఎవరికి వారు పెంచుకున్నారు, ఎవరికి తోచిన పేరు వారు పెట్టుకున్నారు. జర్మనీలో ‘గ్లోరియా డేయి’, ఇటలీలో ‘జోయా’, ఫ్రాన్స్‌లో అతని తల్లి పేరిట ‘మదాం ఎ. మెయాండ్’, అమెరికాలో 1945 ఏప్రిల్ 29న ‘పీస్’. ఒకే గులాబీకి నాలుగు పేర్లు. కడియం నర్సరీల్లో రేకుల అంచుకు గులాబీ రంగు అద్దిన పసుపు గులాబీని ఎవరైనా పీస్ అని చూపిస్తే, అది ఈ 3-35-40 వంశమే.

అమెరికాలో పేటెంటు ఉంది కాబట్టి అక్కడ అమ్మిన మొక్కల మీద మెయాండ్ కుటుంబానికి రాయల్టీ వచ్చింది. సొంత దేశంలో మాత్రం అలాంటి చట్టం లేదు. ఆ తేడా చూశాక అతను పెంపకందార్ల హక్కు కోసం ఐరోపాలో తిరిగి తిరిగి వాదించాడు. 1958లో చనిపోయాడు. మూడేళ్ల తర్వాత, 1961 డిసెంబర్ 2న పారిస్‌లో కొన్ని దేశాలు కొత్త మొక్కల రకాల రక్షణకు ‘యుపోవ్’ ఒప్పందం రాసుకున్నాయి. ఇవాళ ప్రపంచంలో మొక్కల రకాల హక్కులకు చాలా దేశాలు చూసే నమూనా అదే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మన వాళ్లు ‘రిజిస్ట్రేషన్’ అన్న ఒకే మాటతో రెండు వేర్వేరు పనులను కలిపేస్తుంటారు. ఒకటి పేరు నమోదు. సాగు మొక్కల పేర్లకు 1953లో అంతర్జాతీయ నియమావళి వచ్చింది. ఒక్కో జాతికి ఒక్కో సంస్థ పేర్ల చిట్టా రాస్తుంది. గులాబీలకు అమెరికన్ రోజ్ సొసైటీ, ఆర్కిడ్ సంకరాలకు లండన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ. కాగితం పూలకు, అంటే బోగన్‌విల్లాకు, ప్రపంచం మొత్తానికీ ఆ చిట్టా రాసేది మన ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధనా సంస్థే. ఇది మన నర్సరీల్లో అందరికీ తెలియాల్సిన సంగతి. ఈ చిట్టాలో పేరు ఎక్కితే ఆ పేరు ఇంకో రకానికి వాడకూడదు, పుట్టుక, తల్లిదండ్రులు నమోదవుతాయి. అయితే దీనివల్ల అమ్మకాల మీద గుత్తహక్కు రాదు. రెండోది రకం మీద ఆస్తి హక్కు, అది దేశ చట్టం ఇచ్చేది.

పేరు నమోదులోనూ కొనుగోలుదారుకు తిరుగులేని చోటు లేదు. ఆర్కిడ్ల పద్ధతి చూడండి. ఒక సంకరాన్ని పుట్టించినవాడు ఎవరంటే పుప్పొడి రాసిననాడు గింజ కట్టిన తల్లి మొక్క ఎవరిదో వారు. ఆ గింజల నారు సీసాల్లో పది దేశాలకు వెళ్తుంది. పేరు పెట్టకుండానే అమ్ముతారు. కొన్నవాడి ఇంట మొదట పూస్తుంది. అతను పేరు నమోదు చేయించుకోవాలంటే పుట్టించినవాడి సమ్మతి అడగాలి. డబ్బిచ్చి నారు కొన్నంత మాత్రాన పేరు పెట్టే హక్కు రాదు, దాన్ని విడిగా అడిగి తీసుకోవాలి. బర్బాంక్ 1893 కేటలాగులో విడివిడిగా రాసి చూపించినది దాదాపు ఇదే.

తెలుగు నేలతో ముడిపడి ఈ పద్ధతిని నిష్ఠగా పాటించినవాళ్లలో నాకు ముందు గుర్తొచ్చేది ఎం.ఎస్.వీరరాఘవన్. ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారిగా హైదరాబాదులో ఉంటూ గులాబీలు సంకరం చేశారు. తర్వాత ఉద్యోగం ముందే వదిలేసి కొడైకెనాల్ చేరి, మన దేశపు అడవి గులాబీలైన రోజా జైగాంటియా, రోజా క్లైనోఫిల్లాలతో వేడికి తట్టుకునే కొత్త వంశాలు తయారుచేశారు. మన ఎండల్లో ఐరోపా గులాబీ ఎంత విలవిల్లాడుతుందో పెంచినవాళ్లందరికీ తెలుసు. ఆయన ఆ కష్టానికి జవాబు వెతికారు. ఆయన గులాబీల్లో ఒకదాని పేరు ‘గోల్డెన్ త్రెషోల్డ్’, హైదరాబాదులోని సరోజినీ నాయుడి ఇంటి పేరూ, ఆమె తొలి కవితా సంపుటి పేరూ అదే. ఆ మొక్క తల్లిదండ్రులెవరో, పుట్టించినవారెవరో ప్రపంచంలో ఎక్కడున్నవాడైనా వెతికి తెలుసుకోగలడు. కొత్తపల్లి చెట్టును మొదట గుర్తించిన మనిషికి దక్కనిది ఇదే.

మన దేశం ఆస్తి హక్కు చట్టం చేసుకున్నది 2001లో. ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాక కొత్త రకాలకు ఏదో ఒక రక్షణ ఇవ్వక తప్పలేదు. యుపోవ్‌లో చేరకుండా, పెంపకందార్ల హక్కుతో పాటు రైతుల హక్కునూ ఒకే చట్టంలో పెట్టుకుంది భారత్. ‘మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం’ దాని పేరు, అమలు చేసే సంస్థ 2005 నవంబరులో ఏర్పడింది. గులాబీ, చామంతి, బోగన్‌విల్లా, ఆర్కిడ్లు, మామిడి, కొబ్బరి, సరుగుడు, యూకలిప్టస్, ఇవన్నీ నమోదుకు వీలున్న జాబితాలో ఉన్నాయి. అంటే కడియంలో కవర్లలో కనిపించేవి, కాకినాడ నుంచి నరసాపురం దాకా ఇసుక నేలల్లో పెరిగేవి.

ఆ చట్టంలోని 16వ సెక్షన్ మన ప్రశ్నకు నేరుగా జవాబు చెబుతుంది. దరఖాస్తు పెట్టగలిగేది ఎవరు? రకాన్ని అభివృద్ధి చేసినవాడు, అతని వారసుడు, దరఖాస్తు హక్కును అతను రాసిచ్చినవాడు, రకాన్ని అభివృద్ధి చేసిన రైతు లేక రైతుల బృందం, ప్రభుత్వ పరిశోధనా సంస్థలు. రాసిచ్చినవాడు అన్న ఆ మూడో మాటలో పేరు లేని నారు కొన్నవాడికి దారి ఉంది. మొక్కతో పాటు దరఖాస్తు హక్కును కూడా కొనుక్కోవచ్చు. కానీ రాతపూర్వకంగా ఉండాలి, దరఖాస్తుతో పాటు రుజువు చూపాలి. ఇంకో నిబంధన కింద తల్లిదండ్రుల వివరాలు ఇవ్వాలి, ఆ మొక్కలు న్యాయంగా సంపాదించినవేనని ప్రకటించాలి. థాయ్‌లాండ్ నుంచి వచ్చిన నారు అయితే మొక్కల క్వారంటైన్ అనుమతి కాగితం దగ్గరుండాలన్నమాట.

మరి గుర్తుపట్టినవాడి సంగతి? ఈ చట్టంలో పెంపకందారు నిర్వచనం సంకరం చేసినవాడి దగ్గరే ఆగదు, రకాన్ని తీర్చిదిద్దినవాడినీ, అభివృద్ధి చేసినవాడినీ కలుపుకుంటుంది. నారు మొత్తాన్ని నమోదు చేయడం కుదరదు, ఎందుకంటే అందులో ప్రతి మొక్కా వేరు. నమోదయ్యేది ఎంచి తీసి, కొమ్మల ద్వారా పెంచిన ఆ ఒక్క వంశమే. అది మిగతా రకాల నుంచి స్పష్టంగా వేరుగా ఉండాలి, మొక్కలన్నీ ఒకేలా ఉండాలి, ఎన్ని తరాలు పెంచినా మారకూడదు. ఎంపిక చేసి స్థిరపరిచిన నర్సరీ రైతు శ్రమకు అందులో నిజమైన వాటా ఉందని నా నమ్మకం. సంకరం చేసినవాడి వాటాను తుడిచేయకుండా ఆ వాటా తీసుకోవడానికే రాతకోతలు కావాలి.

రాతకోతల్లో లోపం ఎంత దూరం తీసుకెళ్తుందో చూడాలంటే పెప్సికో బంగాళాదుంప కేసు చూడాలి. చిప్స్ కోసం వాడే ఎఫ్ఎల్ 2027 రకాన్ని ఆ కంపెనీ 2016లో నమోదు చేయించుకుంది. 2019లో గుజరాత్ రైతుల మీద, ఒక్కొక్కరి నుంచి కోటి రూపాయలకు పైగా పరిహారం అడుగుతూ దావా వేసింది. దేశమంతా గోల అయ్యాక వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత రైతు హక్కుల కార్యకర్త కవితా కురుగంటి ఆ నమోదునే రద్దు చేయమని పిటిషన్ వేశారు. ఆ విచారణలో తేలినవాటిలో ముఖ్యమైనవి రెండు: మొదటి అమ్మకం వివరాలు సరిగా ఇవ్వలేదు, ఆ రకాన్ని పుట్టించిన శాస్త్రవేత్త నుంచి కంపెనీకి హక్కు బదిలీ అయినట్టు రుజువు సరిగా చూపలేదు. 2021 డిసెంబరులో నమోదు రద్దయింది. 2023లో ఢిల్లీ హైకోర్టు ఆ రద్దును సమర్థించింది. 2024 జనవరిలో అదే కోర్టు డివిజన్ బెంచి ఆ లోపాలు రద్దుకు చాలవని తీర్పు మార్చింది. లాయర్ల బలగం ఉన్న కంపెనీకే ఒక బదిలీ కాగితం ఏళ్ల తరబడి తలనొప్పి అయింది. వెయ్యి మొక్కల నర్సరీకి ఆ స్తోమత ఎక్కడిది?

పేరు విషయంలోనూ చట్టానికి కొన్ని పట్టింపులున్నాయి. అంకెలు మాత్రమే ఉన్న పేరు నమోదు కాదు. గోదావరి జిల్లాల్లో మాత్రం అంకెలే రాజ్యమేలుతున్నాయి. 1925లో మొదలైన మారుటేరు వరి పరిశోధనా కేంద్రం నుంచి వశిష్ట, మసూరి సంకరంగా 1982లో బయటికొచ్చిన రకం ఎంటీయూ 7029. స్వర్ణ అన్న అందమైన పేరుంది, అది పక్క రాష్ట్రాల వరిచేలకూ పాకింది. 2000లో వచ్చిన ఎంటీయూ 1010 అసలు పేరు కాటన్‌దొర సన్నాలు. ఆనకట్ట కట్టిన దొర పేరు వరి గింజకు పెట్టడం కంటే డెల్టాకు తగిన నామకరణం ఇంకేముంది? అయినా ధాన్యం కొట్టు దగ్గర అందరూ అనేది ‘పది పది’ అనే. 1989లో భద్రాచలం కాగితం కర్మాగారం మొదలుపెట్టిన యూకలిప్టస్ క్లోన్ల సంగతీ అంతే. రైతు నర్సరీకి వెళ్లి 413 ఇవ్వమంటాడు, 526 ఇవ్వమంటాడు.

ఊరి పేరు కూడా తేలిగ్గా ఒప్పుకోరు. ఒక ప్రాంతం పేరుతో రకాన్ని నమోదు చేయాలంటే అది నిజాయితీగా పెట్టినదేనని రిజిస్ట్రారుకు నమ్మకం కలగాలి. బెంగళూరులో పుట్టిన సంకరానికి కడియం పేరు తగిలించడానికి ఇక్కడ అడ్డుకట్ట ఉంది. కడియంలోనే ఎంచి, కడియంలోనే తీర్చిన రకానికి కడియం పేరు అడిగితే ఆ అభ్యంతరం నిలవదని నేననుకుంటున్నాను.

రైతు హక్కును ఈ చట్టం కాపాడింది. నమోదైన రకాన్నయినా రైతు దాచుకోవచ్చు, మళ్లీ నాటుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, పంటగా అమ్ముకోవచ్చు. రక్షిత రకం అని లేబుల్ వేసి కవరులో పెట్టి అమ్మడానికి మాత్రం వీల్లేదు. తరతరాలుగా రైతులు సాగుచేసిన రకాలను రైతుల రకాలుగా నమోదు చేయించుకోవచ్చు, దానికి రైతు రుసుము కట్టక్కర్లేదు. కొత్త రకానికి రక్షణ కాలం చెట్లకూ తీగలకూ 18 ఏళ్లు, మిగతావాటికి 15.

ఇదంతా తెలిసిన నర్సరీ రైతు పేరు లేని హైబ్రిడ్ నారు కొనేటప్పుడు ఏం అడగాలి? బిల్లు చాలదు. సంకరం చేసింది ఎవరు, తల్లి మొక్క ఏది, తండ్రి మొక్క ఏది, ఆ తల్లిదండ్రుల మీద ఇంకొకరి హక్కు ఉందా అన్నది రాయించుకోవాలి. అదే సంకరం నారు ఇంకెవరికి అమ్మారో అడగాలి, ఎందుకంటే వారి దగ్గర కూడా ఒక మంచి మొక్క తేలవచ్చు. ఈ నారులోంచి ఎంచుకునే మొక్కకు పేరు పెట్టే హక్కు, నమోదుకు దరఖాస్తు చేసే హక్కు తనకు రాసిస్తున్నట్టు స్పష్టమైన ఒప్పందం కావాలి. సంకరం చేసినవారికి అమ్మకంలో వాటా ఉంటే ఎంతో, రికార్డులో వారి పేరు ఎలా ఉంటుందో అందులోనే ఉండాలి. సంకరం చేసినవారి పేరు మాయమైపోయే ఒప్పందాన్ని నేనైతే కోరుకోను, గ్రెగరీ దయతో ఇచ్చినదాన్ని మనం రాతతో ఇవ్వగలం. తన వైపు నుంచి ఎంపిక చేసిన తేదీ, ఆ మొక్క ఫొటోలు, అంటులు తీసిన పుస్తకం, పక్క పక్కన నాటి పోల్చిన రకాల పేర్లు దాచుకోవాలి.

అన్నిటికంటే ముందు చూసుకోవాల్సినది అమ్మకం తేదీ. కొత్త రకంగా నమోదు కావాలంటే దరఖాస్తు నాటికి ఆ రకం మన దేశంలో అమ్ముడై ఏడాది దాటకూడదు. అమ్మకుండా ప్రయోగంగా పెంచి చూస్తే గడువు మొదలవదు. విదేశంలో అమ్మిన రకమైతే చెట్లకూ తీగలకూ ఆరేళ్లు, మిగతావాటికి నాలుగేళ్లు. మన నర్సరీల్లో మంచి మొక్క తేలగానే ఆ సీజన్‌లోనే లోడెత్తుతారు, పేరు సంగతి తర్వాత చూసుకుందామనుకుంటారు. మనవరాలి పేరు పెట్టిన ఆ రైతు కూడా లారీ కదిలే ముందే దరఖాస్తు కాగితాలు సిద్ధం చేసుకుని ఉండాల్సింది. ఆ మొదటి లోడు బిల్లు మీది తేదీ నుంచి అతనికి మిగిలేది పన్నెండు నెలలే.